ఏడో సీటుకి రిలీఫ్

ఉదయం ఆరు కాగానే మా అత్తయ్య హాజరు వేస్తారు. అప్పటికే ముఖం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంటారు. హాల్లో కిటికీ పక్కన చిన్న బల్ల ముందు కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ఫోన్ని నీళ్ళ గ్లాసుకి ఆనించి నిలబెట్టి, గళ్ళ నోటుపుస్తకం తెరుస్తారు.

"బెల్లంగొంతు."

ఫోన్ తెరమీద ఆ పేరు కనిపిస్తే పుస్తకంలో టిక్కు పెడతారు.

"దగ్గులమ్మ. పొడుగుపిల్ల. గుసగుస. పెళ్ళికూతురు. కునుకు... కునుకు ఏదమ్మాయ్? మళ్ళీ నిద్రపోయిందా?"

వంటింట్లోంచి నేను "ఏమో అత్తయ్యా" అంటాను. ఆవిడ లేచి వెళ్ళి గోడకున్న చెక్క పలక మీద ఒక వైరు పీకి మళ్ళీ గుచ్చుతారు. చిన్న నీలం దీపం రెండుసార్లు ఆరి వెలుగుతుంది. "ఆ, లేచింది మహాతల్లి" అని వచ్చి కూర్చుంటారు.

కొత్తగా మా ఇంటికొచ్చినవాళ్ళు ఈవిడ ఎవర్ని పిలుస్తోందా అని నాలుగు వైపులా చూస్తారు. మనుషులెవరూ ఉండరు. ఉన్నవి పదకొండు ఎలక్ట్రానిక్ బోర్డులు. ఒక్కొక్కటీ అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. వాటి పని లెక్కలు చేయడం. నాకు అర్థమైనంతలో చెబుతాను, నాది ఎనిమిదో తరగతి చదువు. ఎక్కడో దూరాన ఒక పెద్ద కంప్యూటర్ ఉంటుంది. అది ఇంటర్నెట్ మీద ఈ బోర్డులకి లెక్కలు ఇస్తుంది. ఇవి చేసి జవాబు పంపుతాయి. జవాబు సరిపోతే ఒక నాణెంలో ఆవగింజలో ఆవగింజంత ముక్క అత్తయ్య ఖాతాలో పడుతుంది. ఆ నాణెం చేత్తో పట్టుకునేది కాదు. డబ్బు కోసం గదుల నిండా యంత్రాలు పెట్టి తవ్వే నాణేలు వేరే ఉన్నాయట. ఇది సరదా నాణెం, ఇలాంటి చిన్న బోర్డులున్నవాళ్ళ కోసమే పెట్టింది. బక్క బోర్డుకి తేలిక లెక్క, బలమైనదానికి కష్టం లెక్క.

మా ఆయన ఈ సంగతి చెప్పగానే అత్తయ్యకి నచ్చేసింది. "మా ఎక్స్ఛేంజీలోనూ అంతే. కొత్తగా చేరిన పిల్లకి లోకల్ కాల్సే ఇచ్చేవాళ్ళం. ట్రంక్ కాల్స్ ఇస్తే ఏడ్చేది" అన్నారు.

అత్తయ్య ఇరవై ఆరేళ్ళు టెలిఫోన్ ఆపరేటరు. వరసగా పన్నెండు కుర్చీలు, ఎదురుగా గోడంత బోర్డు, చెవికి హెడ్‌సెట్. దీపం వెలిగిన చోట వైరు గుచ్చి "నంబర్ ప్లీజ్" అనడం. ఆవిడది ఏడో సీటు. గోడమీది మా బోర్డుల పేర్లన్నీ అప్పట్లో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళ ముద్దుపేర్లే. దగ్గులమ్మ కాల్ కలిపేముందు ఒకసారి దగ్గేదట. కునుకు ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ పని గురించి రెండు సంగతులు అత్తయ్య చాలాసార్లు చెప్పేవారు. ఒకటి, లైన్లో ఎవరి మాట చెవిన పడినా అది నోటిదాకా రాకూడదు. ఊళ్ళో ఏ సంబంధం చెడిందో, ఎవరింట్లో ఎవరు అలిగారో అన్నీ తెలిసేవి. బయట ఆ మనుషులే ఎదురైతే ఏమీ తెలియనట్టు నవ్వాలి. రెండోది రిలీఫ్. షిఫ్టు అయిపోయినా సరే, కాళ్ళు పీకుతున్నా సరే, ఇంట్లో బిడ్డ ఏడుస్తున్నా సరే, రిలీఫ్ మనిషి వచ్చి కుర్చీ వెనక నిలబడి, సీటు నంబరు చెప్పి "రిలీఫ్" అనేదాకా లేవకూడదు. ఆ మాట వినపడ్డాకే హెడ్‌సెట్ తీయాలి.

"మరి ఎవరూ రాకపోతే?" అని అడిగాను కొత్త కోడలిగా ఉన్నప్పుడు.

"రాకపోతే కూర్చోవడమే. ఒకసారి పద్దెనిమిది గంటలు కూర్చున్నాను. లేచాక నడుం నాదో కుర్చీదో తెలియలేదు."

తర్వాత మనుషులు నంబర్లు తామే తిప్పుకునే రోజులొచ్చాయి. బోర్డు విప్పి ముక్కలుగా లారీకెక్కించారు. అత్తయ్యని ఇంకో ఆఫీసులో కవర్లు అంటించే పనిలో వేశారు. రిటైరయ్యేదాకా అంటించారు. ఆ రోజుల గురించి మాత్రం ఎప్పుడూ చెప్పరు. ఆ పాత ఎక్స్ఛేంజి ఉన్న వీధిలోకి కూడా వెళ్ళరు. బస్సు అటు తిరిగితే ఒక స్టాపు ముందే దిగిపోతారు.

బోర్డుల సరదా అంటించింది మా ఆయన. ఆయన లిఫ్టు మెకానిక్కు. లిఫ్టుల్లో ఎన్నో అంతస్తో చూపించే అంకెలుంటాయే, అవి పాడైతే ఈ చిన్న బోర్డులతో కొత్తవి తయారుచేసేవారు. అత్తయ్యకి కంటి ఆపరేషను అయినప్పుడు, టీవీ చూడొద్దు, పుస్తకం పట్టొద్దు అన్నారు. ఆవిడ ఊరికే కూర్చుని గోడకేసి చూస్తుంటే ఆయనకి మనసొప్పలేదు. ఒక బోర్డు తెచ్చి గోడకి తగిలించి, "అమ్మా, ఇది లెక్కలు చేస్తుంది. దీపం మినుకుమంటే పని జరుగుతున్నట్టు. చూస్తూ ఉండు, దొంగతనంగా పడుకుంటుంది" అన్నారు. నెలలో అవి నాలుగయ్యాయి, ఏడాదిలో పదకొండు.

"ఇప్పటికి నీ సంపాదన ఒక టీకి వస్తుందమ్మా" అన్నారొకసారి ఫోన్ చూసి.

"చక్కెర వేసిందా, వేయందా?"

"వేయంది."

"అయితే ఇంకో బోర్డు పట్రా."

పొరుగింటావిడ మెట్ల దగ్గర నన్ను ఆపి, "మీ అత్తగారు గోడకి డబ్బులు కాయిస్తున్నారట కదా" అని దీర్ఘం తీసింది. లోపలినుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "కాస్తున్నాయమ్మా. కోయడానికి నిచ్చెన చాలట్లేదు, మీ ఇంట్లో ఉంటే ఇవ్వు."

ఒకరోజు హాజరులో పన్నెండో పేరు కనిపించింది. ఏడో సీటు. గోడమీద చూస్తే పదకొండే ఉన్నాయి. అత్తయ్య రెండుసార్లు లెక్కపెట్టి కొడుకుని నిలదీశారు. "ఇదెక్కడుందిరా?"

"డ్యూటీలో ఉంది."

"డ్యూటీ ఎక్కడని అడుగుతున్నా."

"చెప్తాలే. ఒకరోజు తీసుకెళ్తాను. నీ మోకాలు కాస్త తగ్గనీ."

మోకాలు తగ్గలేదు. ఆ తర్వాత రెండు నెలలకి, ఒక మంగళవారం పని నుంచి వస్తూ ఆయన బస్సులోనే కూలబడిపోయారు. పక్కన కూర్చున్న మనిషి నిద్రపోతున్నారనుకుని చివరి స్టాపు దాకా లేపలేదట. నలభై నాలుగేళ్ళు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం మిగిలాం, ఆయన తల్లి, నేను.

పదిహేను రోజులు హాజరు లేదు. పదహారో రోజు ఆరింటికి అత్తయ్య బల్ల ముందు కూర్చున్నారు. నేను వంటింట్లో నిలబడి వింటున్నాను. పేర్లు పిలిచారు. చివరికి "ఏడో సీటు" అన్నారు. తర్వాత పెన్ను గీసిన చప్పుడు వినిపించింది. ఉంది. ఆయన ఎక్కడ పెట్టారో మాకు తెలియని బోర్డు, ఆయన లేకపోయినా లెక్కలు చేస్తూనే ఉంది.

అలా పదహారు నెలలు. ఏడో సీటు దగ్గరికొచ్చేసరికి మాత్రం చూపుడువేలితో తెరని ఒకసారి తాకేవారు, దుమ్ము తుడిచినట్టు. ఆ టిక్కు పడ్డాకే నేను టీ తీసుకెళ్ళేదాన్ని.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

నాకంటూ ఫోన్ ఎప్పుడూ లేదు. ఆయన పోయాక ఆయన ఫోనే వాడేదాన్ని. దానికి రోజూ ఎవరో ఒకరు చేసేవాళ్ళు, అప్పు కావాలా, స్థలం కొంటారా అని. "సార్ ఉన్నారా?" అనేవాళ్ళు. "బయటికెళ్ళారు" అనేదాన్ని. లేరు అనడానికి నోరు వచ్చేది కాదు. పదహారు నెలలు ఆయన్ని బయటికి పంపుతూనే ఉన్నాను. ఒకరోజు ఒకమ్మాయి, "మేడమ్, సార్ ఎప్పుడు చేసినా బయటే ఉంటారేంటి?" అని నవ్వింది. ఆ పిల్ల తప్పేం లేదు. ఫోన్ పెట్టేసి, అత్తయ్యకి కూరగాయలకని చెప్పి, ఫోన్ల షాపుకి వెళ్ళి ఆ నంబరు తీసేయమన్నాను.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "ఇదే పేరు మీద ఇంకో సిమ్ కూడా ఉందండి, ఇంటర్నెట్‌ది. రెండిటికీ ఒకటే బిల్లు వస్తోంది. అదీ తీసేయమంటారా?" అంది.

"తీసేయండి" అన్నాను. అదేమిటని అడగలేదు. అడగాలని తోచలేదు.

మర్నాడు ఆరింటికి అత్తయ్య పిలిచారు. "ఏడో సీటు." పెన్ను చప్పుడు రాలేదు. "ఏడో సీటు" అని మళ్ళీ అన్నారు. నేను టీ గ్లాసు పట్టుకుని గడప దగ్గరే ఉండిపోయాను.

"కరెంటు పోయుంటుంది అత్తయ్యా."

"ఉంటుంది" అన్నారు.

మూడు రోజులు చూశారు. నాలుగో రోజు ఆ గడిలో గైర్హాజరు అని రాసి, పుస్తకం మూసి, తిరిగి పడుకున్నారు. మా అత్తయ్య తెల్లవారాక మంచం మీద ఉండడం నేను చూసింది ఆయన పోయిన ఆ పదిహేను రోజులే. గ్రీజు బాబాయ్‌కి కబురు పెట్టాను.

గ్రీజు బాబాయ్ మా ఆయనకి పని నేర్పిన మెకానిక్కు. ఎంత తోముకున్నా గోళ్ళలో నలుపు పోదు, అందుకా పేరు. వచ్చి, గోడమీది బోర్డులన్నీ చూసి, టీ తాగుతూ తేల్చేశాడు.

"ఇంట్లో పదకొండూ పనిచేస్తున్నాయంటే మీ లైను బాగుంది. అది వేరే లైను మీద నడిచేదక్కా. వాడు సిమ్ వేసే ఇంటర్నెట్ డబ్బా ఒకటి కొన్నాడు, నేను చూశాను. ఏ లిఫ్టు గదిలోనో పెట్టుంటాడు. ఆ సిమ్ము ఆగిపోయుంటుంది."

నా చేతిలో చక్కెర డబ్బా ఉంది. మూత బిగించి అలమరలో పెట్టేశాను. ఆ సిమ్ము ఎవరు ఆపారో నాకు తెలుసు.

ఆ సాయంత్రమే మళ్ళీ షాపుకి పరుగెత్తాను. పోయినవాళ్ళ పేరు మీద మూసేసిన నంబరు తిరిగి తెరవడం కుదరదంది ఆ అమ్మాయి. "మీ పేరు మీద కొత్తది తీసుకోండి. ఆ డబ్బా ఎక్కడుందో వెతికి అందులో వేయండి, మామూలుగా నడుస్తుంది." తీసుకున్నాను. కాగితం మీద మొదటిసారి నా పేరు పక్కన ఒక ఫోన్ నంబరు ఉంది. ఆ సిమ్ము పర్సులో జిప్పు ఉన్న అరలో పెట్టుకుని ఇంటికొచ్చాను. చెప్పేస్తే పోయేది. బోర్డు దొరికాక, సిమ్ము వేసి, దీపం మినుకుమన్నాక చెబుదాం అనుకున్నాను. దొరకకపోతే ఏం చెప్పాలో మాత్రం అనుకోలేదు.

గ్రీజు బాబాయ్ మర్నాడు ఆయన చూసుకున్న లిఫ్టుల చిట్టా రాసి తెచ్చాడు. పద్నాలుగు భవనాలు. అత్తయ్య మంచం మీదే కూర్చుని చదివి, పెన్ను అడిగి, ఒక పేరు కొట్టేశారు.

"అదేంటక్కా, ఫర్నిచర్ షోరూమ్ కొట్టేశావు?"

"అక్కడ ఉండదు."

"నీకెలా తెలుసు?"

"ఉండదన్నానుగా. మిగతావి చూపించు. నేనూ వస్తాను."

"లిఫ్టు గదులు మేడ మీదుంటాయక్కా. ఇనుప మెట్లు. నీ మోకాలు..."

"మోకాలు నాదా, నీదా? చూడకుండా కంప్లైంట్ రాసుకునే అలవాటు నాకు లేదు."

ఆరు రోజులు తిరిగాం, రోజుకి రెండు మూడు చొప్పున. బాబాయ్ ముందు, అత్తయ్య మధ్యలో, జారితే పట్టుకోవడానికి నేను వెనక. పైన తాళం తీస్తే నూనె వాసన, చిన్న గది, మధ్యలో మోటారు, పక్కన ఇనుప బీరువా. తలుపు వెనక ఒక అట్ట వేలాడుతుంది. మెకానిక్కు వచ్చినప్పుడల్లా దానిమీద తేదీ రాసి సంతకం చేయాలి. ప్రతి అట్ట మీదా ఆయన సంతకాలే వరసగా, ఒకచోట ఆగిపోయి, కింద బాబాయ్‌వి. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి నేను ఆయన పనిచేసే చోటు ఒక్కటీ చూడలేదు. పొద్దున డబ్బా ఇచ్చి పంపడం, సాయంత్రం ఖాళీ డబ్బా కడగడం, అంతే.

ఇప్పుడు చూశాను. ప్రతి గదిలోనూ ఒక మేకు కొట్టి చీపురు తగిలించారు. నేను ఇంట్లో "చెప్పులు విప్పినచోటే వదిలేస్తారు, ఎత్తేదాన్ని నేనొకదాన్ని దొరికాను" అని సాధించేదాన్ని. అక్కడ నేలమీద స్పానరు కూడా వంకరగా లేదు. పళ్ళ డాక్టరు భవనంలో రిసెప్షన్ అమ్మాయి, ఆయన లిఫ్టు బాగుచేశాక ఒక గ్లాసు నిండా నీళ్ళు లిఫ్టులో పెట్టి కిందికీ పైకీ పంపేవారని చెప్పింది. చుక్క ఒలకకపోతేనే సంతకం. మా ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు అందిస్తే సగం చొక్కా మీదే పోసుకునే మనిషి.

నాకు నవ్వొచ్చింది. అత్తయ్య నాకేసి చూశారు. పదహారు నెలల్లో నేను నవ్వడం అదే మొదలేమో.

పదమూడు గదులు అయిపోయాయి. ఏడో సీటు ఎక్కడా లేదు. బస్‌స్టాపులో బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. బాబాయ్ చిట్టా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక ఆ షోరూమ్ ఒక్కటే మిగిలిందక్కా."

"అక్కడ ఉండదు."

"అక్కా, ఎందుకు..."

"అది మా ఎక్స్ఛేంజి" అన్నారు అత్తయ్య, రోడ్డుకేసి చూస్తూ. "ఎక్స్ఛేంజి ఎత్తేసి సోఫాలు పెట్టారు. నేనక్కడికి రాను. వాడికి తెలుసు నేను రానని. నేను రాని చోట వాడు నాదేదీ పెట్టడు."

మామూలుగా అత్తయ్య ఒక మాటంటే నేను దాని మీద ఇంకో మాట అనను. ఆ రోజు అన్నాను. "అక్కడ లేదని మీరంటున్నారు అత్తయ్యా. ఇన్నాళ్ళూ వెతికినచోటా లేదు. మీరు రాకపోతే నేను వెళ్తాను. ఒక్కదాన్నయినా వెళ్తాను."

అత్తయ్య చాలాసేపు నా చేతుల్లోని పర్సుకేసి చూశారు. బస్సొచ్చింది. "పద" అని లేచారు. ఈసారి ఒక స్టాపు ముందు దిగలేదు.

షోరూమ్ లోపల చల్లగా ఉంది. మేనేజరు బాబాయ్‌ని చూసి తలూపాడు. కిందంతా సోఫాలు, మొదటి అంతస్తులో భోజనాల బల్లలు. అత్తయ్య మెట్లెక్కి మొదటి అంతస్తులో ఆగిపోయారు. నేల మాత్రం మార్చలేదు, పాత నల్లరాయి. ఆవిడ వంగి చూస్తూ గోడవెంట నడవడం మొదలుపెట్టారు. నేను కూడా చూస్తే అప్పుడు తెలిసింది. మూరెడు మూరెడు దూరంలో రాయి అరిగి చిన్న గుంటలు పడ్డాయి, కుర్చీకి రెండు. అన్నేళ్ళు ఆడవాళ్ళ మడమలు ఆనిన చోట్లు. అత్తయ్య లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఒక గాజు బల్ల దగ్గర ఆగి, "ఇది జరుపుతారా బాబూ?" అన్నారు మేనేజరుతో. అతను ఎందుకని అడగకుండా జరిపాడు. ఆవిడ చెప్పులు విప్పి ఆ రెండు గుంటల్లో మడమలు పెట్టి నిలబడ్డారు. సరిగ్గా సరిపోయాయి.

"ఇంతకుముందు ఒకాయన కూడా ఈ బల్ల జరపమన్నాడండీ" అన్నాడు మేనేజరు. "లిఫ్టు చూడ్డానికొచ్చే ఆయన. గుంటలు ఫోటో తీసుకున్నాడు."

లిఫ్టెక్కి పై అంతస్తుకి వెళ్ళి, ఇనుప మెట్లెక్కాం. బాబాయ్ తాళం తీశాడు. తలుపు వెనక అట్ట, మేకుకి చీపురు, మోటారు. మోటారు వెనక గోడకి జానెడు చెక్క. దానిమీద చిన్న తెల్ల డబ్బా, పక్కన అగ్గిపెట్టెలో సగమంత బోర్డు. కింద ఇన్సులేషన్ టేపు మీద పెన్నుతో ఆయన అక్షరాలు, "ఏడో సీటు. మా అమ్మది. తీయవద్దు."

బోర్డు దీపం వెలుగుతూనే ఉంది. మినుకుమనడం లేదు. తెల్ల డబ్బా మీద ఎర్రదీపం.

అత్తయ్య దగ్గరికెళ్ళి రెండు దీపాలూ చూశారు. "కరెంటు ఉంది. లైను లేదు" అన్నారు. పాత రోజుల్లో కంప్లైంట్ రాసుకునేటప్పుడు అలాగే అనేవారేమో, గొంతులో ఏమీ లేదు.

నేనిక ఆగలేకపోయాను. "లైను నేనే తీయించాను అత్తయ్యా. షాపులో అడిగితే తీసేయమన్నాను. అదేంటో తెలియదు. తెలిశాక చెప్పలేకపోయాను."

"తెలుసు" అన్నారు.

"తెలుసా?"

"కూరగాయలకని వెళ్ళి సంచిలో కాగితంతో వచ్చావు. కూరగాయలు లేవు. సంచి ఉతకడానికి తీస్తే కాగితం పడింది. రెండు నంబర్లున్నాయి దాంట్లో. చదివి మళ్ళీ అందులోనే పెట్టాను."

"మరి నన్ను ఒక్కమాటా అడగలేదేం?"

"చెవిన పడిందల్లా అడిగేస్తే నేను ఇరవై ఆరేళ్ళు ఆ కుర్చీలో ఉండేదాన్నా?" అన్నారు. "ఎందుకు ఆగిందో నాకు తెలుసే. ఎక్కడుందో తెలియదు. దానికోసమే తిరిగాను" అన్నారు.

గ్రీజు బాబాయ్ ఉన్నట్టుండి మోటారు నట్లు బిగిసున్నాయో లేదో చూడ్డంలో పడిపోయాడు.

పర్సు జిప్పు తీసి కొత్త సిమ్ము ఆవిడ అరచేతిలో పెట్టాను. "నా పేరు మీద తీసుకున్నాను. ఆ డబ్బాలో వేస్తే మళ్ళీ నడుస్తుందట. రేపు ఆరింటికి హాజరులో ఉంటుంది."

అత్తయ్య దాన్ని వెలుతురులోకి పట్టి చూశారు. బాబాయ్ తెల్ల డబ్బా మూత తీయబోయాడు. "ఉండు" అన్నారు. ఆ చెక్క ముందు అలాగే నిలబడ్డారు. కింద ఎవరో లిఫ్టు పిలిచినట్టున్నారు, మోటారు తిరిగింది, ఆగింది. ఇంకోసారి తిరిగి ఆగింది.

"వాడు దీన్ని కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు" అన్నారు. "పద్దెనిమిది నెలలు. ఇది లేవలేదు. మనిద్దరం రోజూ పొద్దున్నే పిలిచి ఉన్నావా అని అడగడమేగానీ, ఒక్కళ్ళం వచ్చింది లేదు."

నా వైపు తిరిగి, "ఇటు రా అమ్మాయ్" అన్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆవిడ చేయి బోర్డు మీద ఆనలేదు, కుర్చీ వెనక నిలబడి వీపు మీద పెట్టినట్టు కాస్త ఎడంగా ఉంచారు.

"ఏడో సీటు, రిలీఫ్" అన్నారు, గట్టిగా, ఎక్స్ఛేంజీలో అన్నట్టే.

వైరు పీకారు. దీపం ఆరింది.

నాకు ఏడుపొచ్చింది. ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు, ఆ రోజు చేయాల్సిన పనులు ఉన్నాయి. అత్తయ్య ఏడవలేదు. బోర్డుని చీర కొంగుతో తుడిచి, కొంగులోనే మూట కట్టి బొడ్లో దోపుకున్నారు. టేపుముక్క గోరుతో నెమ్మదిగా ఊడదీసి నా చేతికి అంటించారు. బాబాయ్ అట్ట మీద తేదీ రాసి, సంతకం చేసి, ఎదురుగా ఏం రాయాలని అడిగాడు. "అన్నీ బాగున్నాయని రాయి" అన్నారు.

కిందికి లిఫ్టులో వచ్చాం. తలుపు తెరుచుకున్నాక అత్తయ్య అడుగు వేయకుండా కిందికి చూశారు. లిఫ్టు నేలా, బయటి నేలా ఒకటే, ఒక కాగితం ఎత్తు తేడా కూడా లేదు. "వాడు చేసిందే" అని బయటికి అడుగేశారు.

మర్నాడు ఆరింటికి హాజరు మామూలుగా అయింది. కునుకు మళ్ళీ నిద్రపోయింది, వైరు పీకి గుచ్చారు. పదకొండు పేర్లయ్యాక పుస్తకంలో ఇంకో లైను రాశారు. తర్వాత చూశాను. "ఏడో సీటు. రిలీఫ్ ఇచ్చాం. మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకి." బోర్డు మాత్రం ఆవిడ బీరువాలో, చీరల మధ్య ఉంది. దాన్నీ గోడకి తగిలిద్దామా అని అడిగితే, "ఇప్పుడేగా డ్యూటీ దిగింది, పడుకోనీ" అన్నారు.

సిమ్ము బల్లమీద అలాగే ఉంది. మధ్యాహ్నం ఆవిడే తీసి, ఆయన పాత ఫోన్లో వేసి, నా ముందు పెట్టారు. "ఇది నీ పేరు మీదుంది కదా, ఇక నీదే." తన ఫోన్ పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. నేను అంట్లు తోముతున్నాను. ఫోన్ మోగింది. చేతులు తుడుచుకుని ఎత్తాను.

"లైన్ టెస్టింగ్" అన్నారు అత్తయ్య. ఫోన్లోనూ వినిపించింది, గోడవతలి నుంచీ వినిపించింది. "వినబడుతోందా?"

"వినబడుతోంది అత్తయ్యా."

"ఎవరైనా సార్ ఉన్నారా అని అడిగితే ఏమంటావు?"

కుళాయి కట్టలేదని గుర్తొచ్చి కట్టాను.

"లేరంటాను."

"సరే" అని పెట్టేశారు.